కొట్టేసిన బాదం కొమ్మకు పట్టుకాయ దొరికింది, ఇంట్లో ఎలా ఉంచాలి?

చెరువుగట్టు పిల్ల (హనుమకొండ) | మే నెలాఖరు

అందరికీ నమస్తే. వానలు మొదలయ్యేలోపు మా వీధిలో కరెంటు తీగలకు తగిలే కొమ్మలన్నీ కొట్టేస్తున్నారు. మా గేటు ముందున్న బాదం చెట్టుకూ వంతు వచ్చింది. డ్రైఫ్రూట్స్ షాపులో అమ్మే బాదం కాదు, పిల్లలు రాళ్లతో కొట్టుకుని తినే వీధి బాదం. కొమ్మలు ట్రాక్టర్‌లోకి ఎత్తుతుంటే ఒకదాని చివర ఏదో వేలాడుతూ కనబడింది. కాయ అనుకున్నాను. దగ్గరికెళ్లి చూస్తే కోడిగుడ్డు కంటే కాస్త చిన్నది, బూడిద రంగు, పైన సన్నటి గీతలు. గోటితో నొక్కితే లొంగనంత గట్టిగా ఉంది. పైన నల్లటి కాడ, ఆ కాడ చివర కొమ్మ చుట్టూ రింగులాగా బిగుసుకుని ఉంది. ఆ పుల్లను అలాగే విరిచి ఇంటికి తెచ్చాను.

పట్టుపురుగు గూడు అయ్యుంటుందని నా అనుమానం. కానీ మా చుట్టుపక్కల మల్బరీ తోటలు లేవు. చేతిలో పెట్టుకుంటే బరువుగానే ఉంది, నెమ్మదిగా ఊపితే లోపల ఏదో అటూ ఇటూ తగులుతోంది.

ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో మాట. అమ్మ "పురుగులు పాకితే ఒళ్లంతా దద్దుర్లు, బయట పడెయ్" అంటుంది. తమ్ముడు గాజు సీసాలో పెట్టి మూతకు చిల్లులు కొడతానంటాడు. నాన్న మాత్రం కూలర్ ముందు పెట్టమన్నారు, ఈ ఎండకు లోపలే ఉడికిపోతుందట. బయట నలభై మూడు దాటుతోంది మరి.

అసలు బతికే ఉందా? ఎక్కడ పెట్టాలి? బయటికి వచ్చాక ఏం తింటుంది? టెన్షన్‌గా ఉంది, కాస్త తెలిసినవాళ్లు చెప్పండి.


గాలిపటం 99

చాలా సింపుల్. పైన బ్లేడుతో కొద్దిగా కోసి చూడండి, లోపల కదిలితే బతికున్నట్టు. తర్వాత దూదిలో చుట్టి బల్బు కింద పెడితే త్వరగా వస్తుంది. యూట్యూబ్‌లో బోలెడు వీడియోలున్నాయి.


ఎడిసన్ తెలుగోడు (న్యూజెర్సీ)

బ్లేడు వద్దండీ. మేం ఇక్కడ పాలిఫీమస్ అనే మాత్ (రాత్రిపూట తిరిగే సీతాకోకచిలుకలాంటిది) గూళ్లు పెంచాం, మా పాప సైన్స్ ప్రాజెక్టు కోసం. ఓక్ చెట్ల కింద రాలిన ఆకుల్లో దొరుకుతాయి. చలికాలమంతా ఫ్రిజ్‌లో పెట్టాలి, ఎండిపోకుండా పక్కన కాస్త తడి పేపర్ టవల్ ఉంచాలి. ఇంట్లో హీటర్ వేడికి ఉంచితే జనవరిలోనే బయటికి వచ్చేస్తుంది. అప్పుడు బయట మంచు, జతకు ఇంకో మాత్ ఉండదు. వసంతం వచ్చాక తీసి బయట వేలాడదీస్తే మే, జూన్‌లలో వస్తాయి. మీదీ అలాంటిదే అనిపిస్తోంది. ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెట్టి చూడండి.


మద్దిచెట్టు కింద (చెన్నూరు)

అమ్మా, ముందు ఆ బ్లేడు లోపల పెట్టించు. బల్బూ వద్దు, ఫ్రిజ్జూ వద్దు.

అది దసలి కాయ, అంటే అడవి చెట్ల మీద బతికే పట్టుపురుగు గూడు. కాడ ఉంది, కొమ్మకు రింగు ఉంది అన్నావు చూడు, అక్కడే తేలిపోయింది. మల్బరీ గూటికి కాడ ఉండదు. నేను చెన్నూరు, కోటపల్లి, మహాదేవపూర్ వైపు అడవుల్లో దసలి పట్టు పనిలోనే ఉద్యోగం చేసి రిటైర్ అయినవాణ్ణి. అడవిలో ఈ పురుగు నల్లమద్ది, ఏరుమద్ది ఆకు ఎక్కువ తింటుంది. మీ వీధి బాదం కూడా మద్ది జాతిదే. అందుకే ఊళ్లలో బాదం మీద, పెరట్లో రేగు మీద అప్పుడప్పుడు కనబడుతుంది.

పురుగు గూడు అల్లే ముందు ఆ రింగు పని చేసుకుంటుంది. ఆకు తొడిమను, కొమ్మను కలిపి పట్టుతో చుట్టి, అక్కడినుంచి కాడ దించి, దానికి గూడు కడుతుంది. ఎండాకాలం ఆకంతా రాలినా గూడు రాలదు. లోపలినుంచి ఒక ద్రవం కూడా పూస్తుంది, అది ఆరాక నీ గోటికి లొంగని ఆ గట్టిదనం వస్తుంది. నువ్వు పుల్లతో సహా విరిచి తేవడం మంచిదైంది. కాడ తెంపి తెచ్చేవాళ్లే ఎక్కువ.

బతికుందా అంటే, నువ్వు చెప్పిన దాన్నిబట్టి ఉంది. చచ్చి ఎండిపోయిన కాయ చేతిలోకి తీసుకోగానే తెలిసిపోతుంది, డొల్ల. ఊపితే గలగలమంటుంది. బతికున్నదానికి బరువుంటుంది, చప్పుడు మెత్తగా ఉంటుంది. ఒకసారి చూశావు, చాలు. రోజూ ఊపకు. కాడ వైపు గుండ్రటి పెద్ద బెజ్జం ఉంటే అది ఎప్పుడో వెళ్లిపోయినట్టు. నీదానికి లేదనే అనుకుంటున్నా.

ఇక తొందర సంగతి. లోపల ఉన్నది ఇప్పుడు పురుగు కాదు, ప్యూపా. అంటే పురుగు మాత్‌గా మారే ముందు దశ. నిద్రలో ఉంది. మన దగ్గర దసలి పంటలు వానాకాలంలో మొదలై చలికాలంతో ముగుస్తాయి. ఆఖరి పంటలో గూడు కట్టినవి వెంటనే బయటికి రావు. వస్తే పిల్ల పురుగులకు చెట్టు మీద లేతాకు ఉండదు కదా. ఎండాకాలమంతా అలాగే పడుకుని, తొలకరి గాలి తగిలాక లేస్తాయి. ఎడిసన్ బాబు చెప్పింది అక్కడి మాత్‌కు సరైన మాటే, అదీ దీని చుట్టమే. కాకపోతే అది చలిని దాటడానికి నిద్రపోతుంది, మనది ఎండను దాటడానికి. ఇప్పుడు ఫ్రిజ్‌లో పెడితే దాని లెక్క తప్పుతుంది. రోహిణి కార్తె నడుస్తోంది, ఇది దాటనీ. మిరుగు వచ్చి నాలుగు చినుకులు పడనీ. అంతవరకు నీకు పెద్ద పనేమీ లేదు.

ఎండ భయం మాత్రం నిజమే, మీ నాన్నగారిని తీసిపారేయను. వేడి మరీ ఎక్కువైతే వేళ కాని వేళలో బయటికి వచ్చేస్తాయి, లేదా లోపలే పోతాయి. మా విత్తన కేంద్రంలో, అంటే రైతులకు ఇచ్చే గుడ్లు తయారుచేసే చోట, కాయలను దండలు కట్టి వరుసగా వేలాడదీసేవాళ్లం. కిటికీలకు తడి గోనెపట్టాలు, నేల మీద ఇసుక పోసి నీళ్లు చల్లడం, ఇదే మా ఏసీ. నువ్వూ అంతే చెయ్. ఉత్తరం వైపు కిటికీ ఉన్న గదో, ఎండ పడని వరండానో చూడు. కూలర్ ఉన్న గదిలో పెట్టొచ్చు గాని గాలి నేరుగా దాని మీద కొట్టకూడదు. రెండు రోజులకోసారి పక్కన వేలాడే గుడ్డ మీద నీళ్లు చిలకరించు. కాయను తడపకు, బూజు పడుతుంది.

గాజు సీసా అసలు వద్దు. కారణం చెప్తా. బయటికి వచ్చిన మాత్‌కు మొదట ఉండేవి రెక్కలు కావు, తడి ముద్దలు. అది గబగబా పైకి పాకి, ఏదైనా గరుకుగా ఉన్నదాన్ని పట్టుకుని, కిందికి వేలాడాలి. అప్పుడు ఒంట్లో ద్రవాన్ని రెక్కల నరాల్లోకి నెడుతుంది. అరగంటలో విచ్చుకుంటాయి, ఆరి గట్టిపడటానికి ఇంకొన్ని గంటలు. గాజు మీదా ప్లాస్టిక్ మీదా కాళ్లు జారతాయి. కిందపడి అలాగే ఉంటే రెక్కలు ముడతల్లోనే ఆరిపోతాయి. తర్వాత ఎవరు సాగదీసినా రావు. కాబట్టి అట్టపెట్టె ఒకటి తీసుకుని, ఒక వైపు కోసి దోమతెర గుడ్డ అంటించు. లోపల పాత నూలు గుడ్డ వేలాడదీయి. కాయను కాడ పైకి ఉండేలా, కొమ్మలో ఉన్నప్పుడు ఎలా ఉందో అలాగే కట్టు. మాత్ కాడ వైపునుంచే వస్తుంది. చుట్టూ రెండు జానల ఖాళీ ఉండాలి. అడుగున న్యూస్‌పేపర్ వెయ్, ఎందుకో వచ్చిన రోజు చూస్తావు.

కోయొద్దని ఎందుకంటున్నానో కూడా చెప్తా. "గూడు కోసి సాయం చేశాడు, పాపం దానికి రెక్కలు రాలేదు, కష్టపడితేనే బలం" అని వాట్సాప్‌లో తిరిగే కథ నాకు పడదు. మల్బరీ విత్తన కేంద్రాల్లో గూళ్లు కోసి, ప్యూపాలు బయటికి తీసి, ఆడామగా వేరు చేస్తారు. ఆ ప్యూపాల నుంచి రెక్కలు సరిగ్గా ఉన్న మాత్‌లే వస్తాయి. కష్టానికీ రెక్కలకూ సంబంధం లేదు. వేలాడటానికి కాళ్లకు పట్టుకునేది ఏదైనా దొరకాలి, అంతే. వద్దనడానికి కారణం వేరు. దసలి గూడు గట్టిది, చెయ్యి జారితే బ్లేడు ప్యూపా మీద పడుతుంది. చిన్న గాటు పడినా చాలు, పోతుంది. బాగా కోసినా మే నెల పొడిగాలికి లోపలిది ఎండుతుంది, చీమలకు దారి దొరుకుతుంది. అదెలాగూ తన దారి తాను చేసుకోగలదు. నోటినుంచి ఒక రసం వదులుతుంది, అది పట్టుదారాలను అంటించిన జిగురును కరిగిస్తుంది. తలతో తోసుకుని బయటికి వస్తుంది.

ఇంట్లో దానికి శత్రువులు ఎవరంటే, ముందు దోమల మందు మెషిన్. ఆ గదిలో పెట్టొద్దు, అది పురుగుల మందే కదా. చీమల చాక్‌పీస్ గీతలూ వద్దు. చీమలు రాకుండా కట్టిన దారానికి ఆముదం రాయి. బల్లి ఉన్న గోడకు దూరంగా ఉంచు. అన్నిటికంటే ముఖ్యం సీలింగ్ ఫ్యాన్. వానలు మొదలయ్యాక సాయంత్రం ఆరు దాటితే ఆ గదిలో ఫ్యాన్ వేయొద్దని ఇంట్లో అందరికీ చెప్పు. పగలు రాదు. పొద్దు గుంకాక, రాత్రి తొమ్మిది పదిలోపు వస్తుంది. మొదటి వాన పడిన సాయంత్రం మా విత్తన కేంద్రం తలుపు తీస్తే దండల నిండా అవే. లైటు వేశామా, మగవి మొహం మీదికి వచ్చేవి.

తిండి గురించి ఏం బెంగపడకు. ఏమీ తినదు. దాని నోరు తినడానికి పనికిరాదు. పురుగుగా ఉన్నప్పుడు తిన్న మద్దాకుతోనే వారం రోజులు బతుకుతుంది. పంచదార నీళ్లు, అరటిపండు ముక్కలు పెట్టి రెక్కలకు జిగురు అంటించొద్దు.

అమ్మకు చెప్పు, దసలి పురుగుకు దురద వెంట్రుకలు లేవు. మా రైతులు ఒట్టి చేతులతో ఎత్తి ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టు మీద వేస్తారు. గొంగళితో పోల్చకండి.

ఇంకొకటి, ముందే చెప్పి ఉంచుతా. లోపలినుంచి మాత్ కాకుండా ఇంకేదైనా రావచ్చు. పసుపు ఒళ్లు, నల్లచుక్కలు ఉన్న కందిరీగలాంటిది వస్తే, అది గూట్లోకి సూది దించి ప్యూపాలో గుడ్డు పెట్టిపోయిన రకం. తెల్లటి లావు పురుగులు కిందికి రాలితే అవి ఊజీ ఈగ పిల్లలు, పట్టుపురుగును లోపలినుంచి తినేసేవి. వాటిని మట్టిలోకి పోనివ్వకుండా సబ్బునీళ్లలో వెయ్. ఊజీ అంటే మా రైతులకు ఎంత కసో నీకు చెప్పలేను. కాకుల్ని వడిసెలతో కొట్టి తరిమినా, ఈగను ఏ వడిసెలా కొట్టదు.


గాలిపటం 99

సారీ సర్, వీడియోలో బాగానే వచ్చింది అందుకే చెప్పా.


ఎడిసన్ తెలుగోడు (న్యూజెర్సీ)

ఎండను దాటడానికి నిద్రపోతుందన్నది నాకు కొత్త సంగతి. మా దగ్గర ఈ గూళ్ల పుస్తకాలన్నీ చలి చుట్టూనే తిరుగుతాయి. థాంక్స్ అండి.


చెరువుగట్టు పిల్ల (హనుమకొండ)

సర్, చాలా చాలా థాంక్స్. వాషింగ్ మెషిన్ వచ్చిన అట్టపెట్టె ఉంది, దానికే తెర అంటించాం. వెనక వరండాలో, నానమ్మ మంచం పక్కన పెట్టాం. అక్కడ ఎండ రాదు. దారానికి ఆముదం నానమ్మే రాసింది, పనిలో పని మోకాళ్లకూ రాసుకుంది. ఒక చిన్న డౌట్: ఆడదో మగదో ఇప్పుడే తెలుస్తుందా?


మద్దిచెట్టు కింద (చెన్నూరు)

కాయలు పది ఉంటే తూకం వేసి బరువైనవి ఆడవి అని పక్కన పెట్టేవాళ్లం. ఒక్కదానితో ఏం తేలుతుంది బిడ్డా. వచ్చాక మీసాలు చూడు. మగదానికి వెడల్పుగా, ఈకల్లా విచ్చుకుని ఉంటాయి. ఆడదానికి సన్నం. మగది ఎక్కువగా ఇటుక రంగులో, చిన్నగా, చురుగ్గా ఉంటుంది. ఆడది పసుపో బూడిదో, పొట్ట లావు. ఆ పొట్ట నిండా గుడ్లే.


చెరువుగట్టు పిల్ల (హనుమకొండ) | జూన్ మూడో వారం

సర్!! వచ్చేసింది. నిన్న మధ్యాహ్నం పెద్ద వాన, కరెంటు పోయింది. ఫ్యాన్ గొడవే లేకపోయింది. ఏడు గంటలప్పుడు నానమ్మ పిలిచింది, "ఏయ్, నీ పెట్టెలో ఎవరో గోకుతున్నారు" అని. ఫోన్ టార్చ్ గోడ వైపు తిప్పి చూస్తే కాడ పక్కన తడిగా నల్లబడింది, అందులోంచి తల బయటికి వచ్చింది. కాళ్లు, తర్వాత ఒళ్లంతా. గుడ్డ పట్టుకుని పైకి పాకి అక్కడ ఆగింది. రెక్కలు అప్పుడు నా బొటనవేలంత ఉన్నాయి. అమ్మ "అయ్యో, అవిటిది" అంది. ఎనిమిది అయ్యేసరికి మా తమ్ముడి జానకంటే పెద్దవయ్యాయి. ఒక్కో రెక్క మీద ఒక్కో కన్ను, ఆ కన్ను మధ్యలో అద్దం ముక్క పెట్టినట్టు అవతలి గోడ కనబడుతోంది! అమ్మ దురద మాట మరిచిపోయి పక్కింటివాళ్లను కూడా పిలిచింది.

న్యూస్‌పేపర్ ఎందుకు వేయమన్నారో అర్థమైంది సర్. గోధుమ రంగు నీళ్లు ఎన్ని వదిలిందో.

మీసాలు సన్నగా ఉన్నాయి. రంగు పసుపు. పొట్ట బాగా లావు. ఆడదే కదా? రాత్రంతా ఉన్నచోటునుంచి కదల్లేదు. ఎగరడం రాదా? జబ్బు చేసిందా? ఇప్పుడు వదిలేయాలా?


మద్దిచెట్టు కింద (చెన్నూరు)

ఆడదే. జబ్బు కాదు. ఆడది మొదటి రాత్రి ఎగరదు, ఉన్నచోటే కూర్చుని పొట్ట చివరినుంచి ఒక వాసన వదులుతుంది. మన ముక్కుకు ఏమీ తెలియదు. మగవాటి మీసాలు అంత వెడల్పుగా ఉండేది ఆ వాసన పట్టడానికే. గాలివాటాన్ని బట్టి చాలా దూరంనుంచి వెతుక్కుంటూ వస్తాయి.

పగలు వదలకు, కాకి ఎత్తుకుపోతుంది. ఇవాళ చీకటి పడ్డాక గుడ్డతో సహా తీసుకెళ్లి మిగిలిన బాదం చెట్టుకు, మనిషి ఎత్తున, వీధిలైటు వెలుగు పడని వైపు కొమ్మకు ఎక్కించు. ముట్టుకునేటప్పుడు రెక్కలు పట్టుకోవద్దు, రంగు పొడి రాలిపోతుంది. వేలు ముందు కాళ్ల దగ్గర పెడితే అదే ఎక్కుతుంది. పిల్లి భయం ఉంటే వరండా గ్రిల్‌కు ఎక్కించినా సరే, కానీ లైటు ఆపాలి. మగది లోపలికి రావడానికి సందు ఉండాలి. మూసిన పెట్టెలో ఉంచి మగది వస్తుందని ఎదురుచూడొద్దు.

మీ పేటలో ఇంకో చెట్టు మీద ఇంకో కాయ ఉండి, అదీ ఈ వారంలోనే మగదై వచ్చి ఉంటే వస్తుంది. లేకపోతే రాదు. రాకపోయినా గుడ్లు పెడుతుంది, అవి పొదగవు. అది తెలిసి ఉండు.


చెరువుగట్టు పిల్ల (హనుమకొండ)

సర్, మొన్న ఎవరూ రాలేదు. నిన్న రాత్రి గ్రిల్ దగ్గర పెట్టి లైట్లన్నీ ఆపేశాం. పొద్దున ఐదింటికి పాలవాడు వచ్చినప్పుడు చూస్తే రెండు ఉన్నాయి! రెండోది చిన్నది, ఇటుక రంగు, ఒక రెక్క చివర చిరిగి ఉంది. పొట్టలు అంటుకుని ఉన్నాయి. ఇప్పుడు మధ్యాహ్నం, ఇంకా అలాగే ఉన్నాయి. విడదీయాలా? తమ్ముడు ఊరంతా ఫొటోలు పంపుతున్నాడు.


మద్దిచెట్టు కింద (చెన్నూరు)

ముట్టుకోకండి. సాయంత్రం దాకా అలాగే ఉంటాయి, అవే విడిపోతాయి. ఎండ గ్రిల్ మీద పడేలా ఉంటే ఒక తడి గుడ్డ అడ్డం కట్టు. మగదాన్ని పట్టుకోవద్దు, దాని దారిన పోనీ. రెక్క చివర చిరిగితే ఏం కాదు.

గుడ్లు మాత్రం రెండు మూడు రాత్రుల్లో చాలావరకు పెట్టేస్తుంది. నూట యాభై, రెండు వందల దాకా ఉంటాయి. గ్రిల్‌కో గుడ్డకో అంటిస్తుంది. మీకు పెంచే ఉద్దేశం లేకపోతే ఇవాళ రాత్రే బాదం చెట్టు మీదికి మార్చెయ్, అక్కడే పెట్టుకుంటుంది.


మహాదేవపూర్ మగ్గం

నమస్తే అందరికీ. మాది దసలి పట్టుచీరలు నేసే ఇల్లు. అమ్మాయి గారూ, ఖాళీ అయిన ఆ కాయ పారేయకండి. బెజ్జం పడిన కాయనుంచి ఏకదారం రాదు గాని, ఉడకబెట్టి దూదిలా లాగి వడుకుతాం. చంపకుండా తీసే పట్టు కావాలని అడిగేవాళ్లు ఇప్పుడు ఉన్నారు. హైదరాబాద్‌లో కుసుమ రాజయ్య గారు మాత్ వెళ్లిపోయాక మిగిలిన గూళ్లతో అహింసా పట్టు అని నేయించి పేరు తెచ్చుకున్నారు కదా. ఒక్క కాయతో ఏం రాదనుకోండి, జ్ఞాపకంగా ఉంచుకోండి.

నేను అడిగేది వేరే. గుడ్లు మీకు వద్దంటే నాకు ఇస్తారా? వచ్చే వారం హనుమకొండ వస్తున్నా. మా ఊరి దగ్గర మద్ది చెట్లు బోలెడు, రైతులు ఇప్పుడే పంట వేస్తున్నారు, వాళ్ల చెట్ల మీద వేసేద్దాం. పాపం, బాదం కొమ్మలు మళ్లీ కొట్టేస్తే అవీ పోతాయి.


చెరువుగట్టు పిల్ల (హనుమకొండ)

అయ్యో, తప్పకుండా ఇస్తాను అన్నా. సర్, ఇవ్వొచ్చు కదా? గుడ్డ మీద ఇప్పటికే చాలా పెట్టింది. లేత పసుపు రంగు, ఒక్కోదాని మీద రెండు గోధుమ గీతలు ఉన్నాయి.


మద్దిచెట్టు కింద (చెన్నూరు)

వద్దు బిడ్డా. తమ్ముడూ, నీ మనసు మంచిదే గాని ఆ పని చేయొద్దు.

పెబ్రిన్ అని ఒక రోగం ఉంది. తల్లికి ఉంటే గుడ్డులోంచే పిల్లకు వస్తుంది, పిల్ల రెట్టనుంచి ఆకుకు, ఆకునుంచి పక్క పురుగుకు. చెట్టంతా పోతుంది, తర్వాత తోటంతా. 1860ల్లో ఫ్రాన్స్‌లో పట్టు పరిశ్రమ ఈ రోగంతోనే కూలబడితే లూయీ పాశ్చర్ వెళ్లి దారి చూపించాడు. గుడ్లు పెట్టిన తల్లిని నూరి మైక్రోస్కోప్ కింద చూడాలి, రోగకణం కనబడితే ఆ తల్లి గుడ్లన్నీ కాల్చేయాలి. ఈరోజుకీ విత్తన కేంద్రాల్లో చేసేది అదే. నేను ఉద్యోగమంతా ఆ మైక్రోస్కోప్ ముందే కూర్చున్నా. పైకి చక్కగా, రెక్కలు నిండుగా ఉన్న తల్లిలో కూడా కణాలు కనబడేవి. కాబట్టి చూడటానికి బాగుంది కదా అనే మాట చెల్లదు. రైతు తెచ్చుకునేది పరీక్ష చేసిన గుడ్లు. వాటి పక్కన పరీక్ష లేని గుడ్లు వేస్తే, ఆయన సంవత్సరం కష్టం మీద మనం జూదం ఆడినట్టు.

హనుమకొండలో దసలి పంట లేదు, అక్కడ ఈ భయం లేదు. అక్కడిది అక్కడే ఉండనీ.

గుడ్లు తొమ్మిది పది రోజుల్లో పొదుగుతాయి, పొద్దున పూట. గుడ్డను ముక్కలుగా కత్తిరించి, ఒక్కో ముక్కను బాదం లేతాకు ఉన్న కొమ్మకు, ఆకు కింది వైపు పిన్నుతో గుచ్చు. అన్నీ ఒకే కొమ్మకు వేయకు, ఆకు చాలదు. ఒకటో రెండో ముక్కలు మీ పెరట్లో రేగు ఉంటే దానికి. పెంచి చూడాలని ఉంటే ఒక కొమ్మకు మాత్రం దోమతెర సంచీ తొడిగి మూతి కట్టు, ఊజీ ఈగ, కందిరీగ రాకుండా. ఆకు అయిపోగానే సంచీ ఇంకో కొమ్మకు మార్చాలి, చివరి దశలో ఒక్కో పురుగు నీ అరచేయంత పొడవై, రోజూ ఎంత తింటుందో చూసి మీ అమ్మ మళ్లీ గొడవ పెడుతుంది. మిగతావి చెట్టుకు వదిలెయ్. పిట్టలు కొన్ని తింటాయి, చీమలు కొన్ని తీసుకుపోతాయి. అన్నీ మిగిలితే మీ వీధిలో బాదం ఆకు అనేదే ఉండదు.

కొమ్మలు కొట్టే వాళ్లు మళ్లీ వస్తే ఆగస్టు దాకా ఆ ఒక్క కొమ్మ ఆపమని అడుగు. తీగకు తగలకపోతే ఆపుతారు.